సున్నా ఎక్కడ పెట్టారు?



సేవలో ఉన్నవాడి చెవిన ఎక్కువసార్లు పడే మాట ఒకటుంది. "నా మనస్సాక్షికి ఏ తప్పూ కనబడలేదండి అయ్యగారూ." గట్టు తగాదా తీర్చమని వచ్చిన అన్న ఇదే అంటాడు, తమ్ముడూ ఇదే అంటాడు. నూటికి ఐదు రూపాయల వడ్డీకి అప్పిచ్చినాయన ఇదే అంటాడు. కొడుక్కి కట్నం మాట్లాడుకొచ్చిన తండ్రీ ఇదే అంటాడు. వాళ్ళు బొంకుతున్నారని నేను అనను. నిజంగానే వాళ్ళకి లోపల ఏమీ గుచ్చుకోలేదు. రాత్రి నిద్ర పట్టింది, తెల్లారి ప్రార్థన చేసుకున్నారు, ఆదివారం ఆరాధనకి వచ్చారు.

అయితే లోపల ఏమీ గుచ్చుకోకపోతే మనం తిన్నగా ఉన్నట్టేనా? ఈ వారం దీని గురించి ఆలోచిద్దాం. ఇందుకు ఒక బండి సంగతి చెప్పాలి. కొంచెం ఓపిక పట్టండి. తాపీ పని తెలిసినవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది.

పోయిన ఏడాది అమెరికాలో టెక్సాస్‌లో ఉంటున్న మన సంఘపు కుటుంబం పిలిస్తే నేనూ మా ఆవిడా వెళ్ళాం. ఆ అబ్బాయి దగ్గర పాతది కొన్న మోటార్‌హోమ్ ఒకటుంది. అంటే ఇల్లూ బస్సూ కలిసి ఒకటే. 30 అడుగుల పొడవు. లోపలే మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది. వాళ్ళమ్మగారు కూడా అప్పుడు అక్కడే ఉన్నారు. మా అందరినీ ఎక్కించుకుని అమరిల్లో ఊరి దగ్గరున్న పాలో డ్యూరో అనే పెద్ద లోయ చూపించడానికి తీసుకెళ్ళాడు. 1934 నుంచి అది ఆ రాష్ట్రం వాళ్ళ పార్కు. ఇలాంటి బండ్లు రాత్రిపూట ఆపుకోవడానికి అందులో జాగాలు కట్టి ఉంచారు.

కొండా లోయా ఉన్నచోట నేల మన కళ్ళంలాగా చదునుగా ఉండదు. బండి ఎక్కడ ఆపినా ఏదో ఒక పక్కకి వాలుతుంది. అందుకని దాని కింద నాలుగు హైడ్రాలిక్ జాకీలు ఉంటాయి. మన దగ్గర జేసీబీ తవ్వకం మొదలుపెట్టేముందు వెనక రెండు కాళ్ళు నేలకి ఆనించుకుంటుంది కదా, అలాంటివే. హ్యాండ్‌బ్రేకు వేసి, ఇంజను నడుస్తుండగా డ్రైవరు పక్కనున్న పలక మీద 'ఆటో' అనే బటన్ నొక్కితే చాలు. జాకీలు దిగుతాయి, పల్లంగా ఉన్న కొసని పైకెత్తుతాయి, బండి సమమైందని తోచగానే ఆగిపోతాయి. పలక మీద పచ్చ లైటు వెలుగుతుంది.

బండి సమమైందని దానికి ఎవరు చెప్తారు? బండి చట్రానికి బిగించిన చిన్న సెన్సర్ చెప్తుంది. భూమి లాగే బలం ఏ దిక్కున ఉందో అది కనిపెడుతుంది. ముందుకీ వెనక్కీ ఎంత వాలింది, కుడికీ ఎడమకీ ఎంత వాలింది అని రెండు లెక్కలు చూసుకుంటుంది. అయితే ఏది 'సమం' అన్నది దానికి పుట్టుకతో తెలియదు. ఒకరోజు ఎవరో బండిని ఒకచోట నిలబెట్టి, "ఇదిగో, ఇది సున్నా" అని నేర్పాలి. ఆ సున్నాని అది గుర్తుపెట్టుకుంటుంది. తరువాత ఎక్కడ ఆపినా, ఎన్నిసార్లు బటన్ నొక్కినా, ఆ సున్నాకే బండిని తెచ్చి నిలబెడుతుంది.

మర్నాడు తెల్లవారాక వాళ్ళమ్మగారు లేచి నుదురు రుద్దుకుంటూ అన్నారు. "ఒరే బాబూ, రాత్రంతా తల పల్లంలోకి జారిపోయినట్టే ఉందిరా. దిండు మడిచి పెట్టుకున్నా లాభం లేకపోయింది."

"అదేంటమ్మా, పచ్చ లైటు వెలుగుతోంది కదా. మాకు హాయిగా నిద్ర పట్టిందే."

"నీ లైటు సంగతి నాకు తెలీదు. ఇదిగో, సింకులో నీళ్ళు చూడు."

చూస్తే, నీళ్ళు కన్నం వైపు పోకుండా ముందు మూలన నిలిచి ఉన్నాయి. అబ్బాయి సామాన్ల పెట్టెలోంచి రసమట్టం తెచ్చి నేల మధ్యలో పొడుగ్గా పెట్టాడు. బుడగ వెనక్కి జరిగిపోయింది. అంటే బండి ముందుకి వాలి ఉంది. ఒక్క డిగ్రీ వాలినా 30 అడుగుల బండిలో ఒక కొసకీ ఇంకో కొసకీ ఆరు అంగుళాల పైన తేడా ఉంటుంది. ఆవిడ సోఫా మీద తల ముందువైపు పెట్టుకుని పడుకున్నారు. కొడుకూ కోడలూ వెనక గదిలో, తల వెనక గోడవైపు పెట్టుకుని పడుకున్నారు. వాలు ఒకటే, బండి ఒకటే. ఎగువన తల పెట్టుకున్నవాళ్ళకి నిద్ర పట్టింది, దిగువన తల పెట్టుకున్న ముసలమ్మకి తలనొప్పి వచ్చింది.

కారణం వెతికితే దొరికింది. అంతకుముందు కొన్నాళ్ళ క్రితం ఆ జాకీలను నడిపే కంట్రోలర్ పాడైతే ఒక వర్క్‌షాపులో కొత్తది వేయించారు. కొత్తదానికి మళ్ళీ సున్నా నేర్పాలి. వాననీరు పోవడానికి వాలుగా పోసిన గచ్చు మీద బండి ఉండగానే, రసమట్టం పెట్టి చూడకుండా, అక్కడే సున్నా పెట్టేసినట్టున్నారు. ఆనాటి నుంచి ఆ యంత్రం పాపం ఎంతో నమ్మకంగా పనిచేస్తోంది. ప్రతి ఊళ్ళోనూ బండిని అదే వాలుకి తెచ్చి నిలబెట్టి, పచ్చ లైటు వెలిగిస్తోంది.

ప్రియులారా, ఇక్కడ కాసేపు ఆగండి. ఆ సెన్సర్ చెడిపోలేదు. అబద్ధమూ ఆడలేదు. తనకి నేర్పిన సున్నాకి అది అణువంత తేడా లేకుండా కట్టుబడింది. మన మనస్సాక్షి కూడా దేవుడు మనలో బిగించిన సెన్సర్ లాంటిది. అది మంచి వరమే. కానీ దానికి సున్నా ఎవరు పెట్టారు? ఏ నేల మీద పెట్టారు? అమ్మానాన్నల మాటలు, వీధి అరుగుల మీద కబుర్లు, కులం కట్టుబాట్లు, సినిమాలు, ఊరి మర్యాదలు, ఇవన్నీ మనం ఎదగకముందే అందులో సున్నా పెట్టేశాయి. దానికి తగ్గట్టుగా మనం నడుచుకున్నప్పుడల్లా లోపల పచ్చ లైటు వెలుగుతుంది.

తార్సువాడైన సౌలుని చూడండి. స్తెఫనుని రాళ్ళతో కొడుతుంటే సాక్షుల బట్టలకి కాపలా ఉన్నాడు, ఆ చావుకి సమ్మతించాడు. ఇంటింటా దూరి విశ్వాసుల్ని ఈడ్చుకుపోయాడు. అప్పుడు అతని మనస్సాక్షి గుచ్చిందా? లేదు. యేసు నామానికి విరోధంగా ఎన్నో చేయాలని తాను నిజంగానే అనుకున్నానని తరువాత అగ్రిప్ప రాజు ఎదుట తానే చెప్పుకున్నాడు (అపొస్తలుల కార్యములు 26వ అధ్యాయం). అతని లైటు పచ్చగానే ఉంది. దమస్కు దారిలో ప్రభువు అతన్ని నేలకు పడేశాడు. మూడు రోజులు చూపు లేదు, తిండి లేదు, నీళ్ళు లేవు. ఆ మూడు రోజులూ అతని సున్నా మళ్ళీ పెట్టే రోజులు. ఆ తరువాత అతను ఎంత జాగ్రత్తపడ్డాడో 1 కొరింథీ 4వ అధ్యాయంలో చదవండి. నాలో నాకు దోషమేమీ కనిపించదు గాని, అంతమాత్రాన నేను నీతిమంతుణ్ణి కాను, నన్ను విమర్శించేవాడు ప్రభువే అన్న భావం అక్కడ ఉంది. ఒకసారి తప్పు సున్నాతో బతికినవాడు కాబట్టే పచ్చ లైటుని గుడ్డిగా నమ్మడం మానేశాడు.

ఇక బండికి సున్నా ఎలా సరిచేశారో చెప్తాను, ఇందులోనూ మనకి పాఠముంది. ముందు అబ్బాయి రసమట్టాన్నే పరీక్షించాడు. ఒకసారి పెట్టి బుడగ ఎక్కడుందో చూసి, దాన్ని అదే చోట కొస మార్చి తిప్పి పెట్టాడు. బుడగ మళ్ళీ బండి వెనకవైపే, అంతే దూరంలో ఆగింది. రసమట్టం నమ్మదగిందే. మన మేస్త్రీలు చేసే పనే ఇది. తరువాత 'ఆటో' వదిలేసి ఒక్కో బటన్ చేత్తో నొక్కుతూ ముందు జాకీలను కొంచెం కొంచెంగా లేపాడు. పొడుగునా బుడగ మధ్యకి వచ్చాక, రసమట్టాన్ని అడ్డంగా పెట్టి కుడి ఎడమలు చూసుకున్నాడు. మళ్ళీ ఒకసారి పొడుగ్గా చూశాడు, ఎందుకంటే ఒకవైపు సరిచేస్తే ఇంకోవైపు కదలొచ్చు. రెండు వైపులా బుడగ నడుమ నిలిచాక, ఆ యంత్రం పుస్తకంలో చెప్పిన వరుసలో బటన్లు నొక్కి "ఇది సున్నా" అని నేర్పాడు. అంతటితో వదల్లేదు. జాకీలన్నీ పైకి తీసేసి, బండి మళ్ళీ వాలనిచ్చి, అప్పుడు 'ఆటో' నొక్కాడు. పచ్చ లైటు వెలిగింది. ఈసారి లైటు చూసి ఊరుకోలేదు, రసమట్టం చూశాడు. బుడగ నడుమనే ఉంది.

యంత్రాన్ని యంత్రంతోనే కొలిస్తే ఎప్పటికీ తప్పు తెలియదు. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 10వ అధ్యాయంలో పౌలు తమ్మును తామే కొలుచుకునేవాళ్ళ గురించి, ఒకరితో ఒకరు పోల్చుకునేవాళ్ళ గురించి, వాళ్ళకి గ్రహింపు లేదని చెప్పింది ఇందుకే. బయటి కొలత కావాలి. ఆమోసు 7వ అధ్యాయంలో ప్రభువు మట్టపు గుండు చేతపట్టుకుని గోడ దగ్గర నిలబడి కనిపించాడు. అప్పట్లో ఇశ్రాయేలులో పండుగలకీ పాటలకీ బలులకీ లోటులేదు. అదే సమయంలో బీదవాడిని చెప్పుల జతకి అమ్మేస్తున్నారు. అందరూ ఒకే వైపు వాలి ఉన్నారు కాబట్టి ఎవరికీ వాలు కనిపించలేదు. అది కనిపెట్టింది ఎవరు? యూదాలోని తెకోవ నుంచి వచ్చిన పశువుల కాపరి, మేడిపండ్లు ఏరుకునే మనిషి. బేతేలు యాజకుడు అమజ్యా అతన్ని మీ ఊరికి పోయి ప్రవచించుకో అని తరిమేయబోయాడు. బయట నుంచి వచ్చినవాళ్ళూ, దిగువన తల పెట్టుకున్నవాళ్ళూ చెప్పే మాట వినడం మనకి ఎప్పుడూ కష్టమే.

ఇంకో సంగతి. అలాంటి చాలా బండ్లలో ఉండే ఫ్రిజ్ మన ఇళ్ళలో ఉండే రకం కాదు. స్వీడన్‌లో ఫాన్ ప్లాటెన్, మున్టెర్స్ అనే ఇద్దరు విద్యార్థులు 1922లో కనిపెట్టిన పద్ధతిలో పనిచేస్తుంది. అందులో మోటారు ఉండదు. గ్యాసుతోనో కరెంటుతోనో వేడి పెడితే లోపలి అమ్మోనియా, నీళ్ళు గొట్టాల్లో తిరిగి, తమ బరువుకి తామే కిందకి జారుతూ చల్లదనం ఇస్తాయి. బండి ఎక్కువ వాలితే ఆ జారడం ఆగిపోతుంది. సాధారణంగా పక్కలకి 3 డిగ్రీలు, ముందుకీ వెనక్కీ 6 డిగ్రీల వరకే అలాంటి ఫ్రిజ్ తట్టుకుంటుంది. అంతకు మించి వాల్చి నడిపితే వేడెక్కి లోపల గొట్టాలు పాడవుతాయి. చప్పుడు రాదు, వెంటనే తెలియదు. వాలు అంటే అంతే. భరించేవాళ్ళు మాట్లాడకపోతే నష్టం జరగడం లేదని అనుకుంటాం.

ఇప్పుడు మన మధ్యకి వద్దాం. ఎవరినో ఒకరిని ఉద్దేశించి రాయడం లేదు, అందరినీ ఉద్దేశించే రాస్తున్నాను. మన సంఘాల్లో పెండ్లి అంటే కట్నం మామూలైపోయింది. పేర్లు మాత్రం మార్చాం. లాంఛనాలు అంటాం, ఆడపడుచు కట్నం అంటాం, "మీ అమ్మాయికి మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం" అంటాం. బాప్తిస్మం పొందిన ఇంట్లో, బల్లలో పాలుపుచ్చుకునే ఇంట్లో, ప్రార్థన చేసి మరీ బేరం మాట్లాడుకుంటున్నాం. అడిగితే, "ఊరంతా ఇదే కదండీ, నా మనస్సాక్షికేం తప్పనిపించలేదు" అంటాం. లైటు పచ్చగా ఉంది. అవతల ఆడపిల్ల తండ్రి ఉన్న అరెకరం అమ్మేశాడు. ఇంకొకాయన కూతురు పెండ్లి అప్పు తీర్చడానికి ఈ వయసులో హైదరాబాదు పోయి వాచ్‌మన్ పనిలో చేరాడు. వాళ్ళు మన బండిలో దిగువన తల పెట్టుకుని పడుకున్నవాళ్ళు. మగపిల్లల తల్లిదండ్రులుగా మనకి నిద్ర పడుతోందంటే బండి సమంగా ఉన్నట్టు కాదు.

దేశపు చట్టమే 1961 నుంచి ఇవ్వడమూ పుచ్చుకోవడమూ రెండూ నేరమని చెప్తోంది. విశ్వాసికి అంతకంటే గట్టి కొలత ఉంది. వాక్యాన్ని నేల మీద పెట్టి చూడండి. అబ్రాహాము దాసుడు రిబ్కా కోసం వెళ్ళినప్పుడు కానుకలు మోసుకుపోయింది మగపెండ్లివారే. యాకోబు రాహేలు కోసం ఏళ్ళ తరబడి కొలువు చేశాడు. అన్నిటికంటే మించి, మన ప్రభువు సంఘమనే పెండ్లికుమార్తెను ఏమీ అడగలేదు. ఆమె కోసం తన్ను తానే అప్పగించుకున్నాడని ఎఫెసీ 5వ అధ్యాయం చెప్తోంది. పెండ్లికుమారుడంటే ఇచ్చేవాడు. ఆ సున్నా మీద నిలబెట్టి చూస్తే మన పచ్చ లైటు ఎంత వాలుగా వెలుగుతోందో తెలుస్తుంది.

"అయ్యగారూ, మేమొక్కళ్ళమే మానేస్తే మా అమ్మాయికి సంబంధం ఎక్కడ దొరుకుతుంది?" అని ఒక తల్లి నన్నడిగారు. ఆ మాటలో నిజముంది. జాకీలు కొంత దూరమే సాగుతాయి. నేల మరీ ఏటవాలుగా ఉంటే బండి లేపలేనని యంత్రమే చెప్పేస్తుంది. మొండిగా లేపి వెనక చక్రాలు గాలిలోకి పోతే బ్రేకు పట్టు తప్పి బండి దొర్లిపోయే ప్రమాదం. అప్పుడు చేయాల్సింది బండినే అక్కడినుంచి కదిపి వేరే చోట ఆపడం. బండి కదిలితే లోపలున్నవాళ్ళంతా కలిసే కదులుతారు. ఒక్క ఇంటివాళ్ళని వీరులుగా నిలబడమని చెప్పి మిగతావాళ్ళం చూస్తూ కూర్చోకూడదు. అందుకే సంఘ పెద్దలతో కూర్చుని ఒక తీర్మానం చేసుకున్నాం. ఇకమీదట మన సంఘంలో పెండ్లి ప్రకటన చదవకముందే ఇరుపక్షాలవారితో ఒక సాయంత్రం కూర్చుంటాం. బైబిలు తెరిచి, ప్రార్థన చేసి, ఇచ్చిపుచ్చుకోవడం గురించి సూటిగా అడుగుతాం. మొదటి అడుగు మగపిల్లలున్న ఇళ్ళవాళ్ళు వేయాలి. జాకీ ఎప్పుడూ పల్లంలో ఉన్న కొసనే పైకెత్తుతుంది. మన దేవుడు కూడా దీనులను లేవనెత్తేవాడే కదా. ఇప్పటికే కట్నం పుచ్చుకున్నవాళ్ళకి జక్కయ్య చూపిన దారి ఉంది. ప్రభువు తన ఇంట అడుగుపెట్టిన రోజునే అతను తిరిగి ఇచ్చే లెక్క మాట్లాడాడు.

ఇంకా రెండు చిన్న మాటలు. ఒకటి, సున్నా ఒకసారి సరిచేస్తే పని అయిపోదు. వాన పడితే జాకీ కింది నేల దిగబడుతుంది. అందుకే కింద చెక్క పలకలు వేసుకుంటారు, రోజూ ఒకసారి బుడగ చూసుకుంటారు. మీరూ ఈ నెలంతా రాత్రి పడుకోబోయేముందు 139వ కీర్తన చివరి రెండు వచనాలు చదివి, అందులో దావీదు అడిగినట్టు మిమ్మల్ని పరిశోధించమని ప్రభువును అడగండి. రెండు, నేను రాసినదాన్ని కూడా తిప్పి పెట్టి చూడండి. బెరయవారు పౌలు చెప్పినదాన్నే లేఖనాలతో సరిచూసుకున్నారు. మీ పాస్టరు మాట అంతకంటే పెద్దదేమీ కాదు.

ప్రార్థన చేద్దాం. ప్రభువా, మేము తిన్నగానే ఉన్నామని మాకు తోస్తున్నప్పుడు కూడా నీ కొలత మా మీద పెట్టు. మా వాలు వల్ల తలనొప్పి పడుతున్నవాళ్ళ గొంతు మాకు వినిపించేలా చేయి. మా ఇండ్లలో జరగబోయే ప్రతి పెండ్లిలో నీవు సిగ్గుపడకుండా కూర్చోగలిగేలా మమ్మల్ని సరిచేయి. యేసు నామములో అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.

వచ్చే ఆదివారం ఆరాధన తరువాత ఈ తీర్మానం మీద మాట్లాడుకుందాం. మగపిల్లల తల్లిదండ్రులు తప్పకుండా ఉండండి.

ప్రభువు సేవలో,
మీ పాస్టరు